మిన్నల్లి కొడుకులు

పేర్ల పేజీ వస్తే అయ్యగారు దగ్గుతాడు.
కళ్ళజోడు తీసి, కండువాతో తుడిచి
"తక్కినవి ఇంటికాడ చదువుకోండి" అంటాడు.
జమ్మలమడుగు అవతల, మా పాళెం గుడిలో
చెర నుంచి తిరిగొచ్చిన జనమంతా
ఏండ్ల తరబడి ఆ దగ్గులోనే ఆగిపోయినారు.

నాకు ఆ పేజీలంటేనే పాణం.
నా పేరు అట్లాంటి పేజీలోదే.
నేను పుట్టిన రాత్రి నాయన
లాంతరు వెలుగులో గ్రంథం తెరిచి
కండ్లు మూసుకొని వేలు పెట్టినాడంట.
వేలి కింద హొగ్లా.
గోరంత పైన పడుంటే నోయా,
గోరంత కింద పడుంటే మిల్కా.
బడిలో అయివారు మూడు మార్లు అడిగి
నాలుగో మారు తనకు తోచింది రాసుకున్నాడు.
రేషన్ కార్డులో నేను వగలమ్మ.

దైవశాస్త్రం చదివే మా చిన్నాయన కొడుకు ఓబేదు
ఎండాకాలం సెలవులకు నోటుబుక్కు తెచ్చినాడు.
ఒక పక్క హెబ్రీ పేర్లు, ఒక పక్క మన మాట.
కరెంటు పోయిన మధ్యాన్నం, నాపరాయి అరుగు మీద
వడగాలికి లేస్తాండే కాగితాలను
మోకాలితో అదిమిపట్టి చదివినాడు.

తోలా అంటే పురుగు.
హగాబు, మిడత.
కారేహ అంటే బట్టతలోడు.
గారేబుకు గజ్జి.
మా తమ్ముడు పడీపడీ నవ్వినాడు.
పరోషు అంటే మిన్నల్లి,
మిన్నల్లి కొడుకులు రెండు వేల మందికి పైన
దుమ్ము కొట్టుకొని సొంతూరికి నడిచొచ్చినారు అనంగానే
నేనూ నవ్వినా.
"ఇంత పెద్ద గ్రంథంలో ఈ పేర్లేందో,
మా అయివార్లకే అంతుపట్టల్యా" అన్నాడు ఓబేదు.

అవ్వ నవ్వలేదు.
చెరుగుతాండే చాటను ఒళ్ళోకి దించుకొని
"వాళ్ళమ్మకు ముందు బిడ్డలు దక్కిండరు" అనింది.
అంతే.
మళ్ళీ కొర్రలు చెరుగుకుంది.

బాప్తిస్మం రిజిస్టర్లో అవ్వ పేరు కృపామణి.
గేరిలో మాత్రం ఇప్పటికీ తిప్పక్క.
ముగ్గురు మగబిడ్డల్ని పెన్న ఇసకలో పూడ్చి
నాలుగో కాన్పుకు పుట్టిన పిల్లను
పురిటి నెత్తురు ఆరకముందే
ఊరి తిప్ప మీద, బూడిదలో, పొట్టులో పడుకోబెట్టి
వెనక్కి చూడకుండా వచ్చేసింది వాళ్ళమ్మ.
పక్కింటామె, ఎవరి బిడ్డో అన్నట్టు, ఎత్తుకొచ్చి
చాటెడు తవుడుకు మళ్ళీ ఆమెకే అమ్మింది.
ఇది చెత్త.
తిప్ప మీద దొరికింది.
ఓ చావూ, నీ దోవన నువ్వు పో,
దీంతో నీకేం పని.

ఆ ఎండ దేశంలో కూడా ఎవరో ఒకామె
గుడారం బయటికొచ్చి
దేవునికి కాదు, చావుకు వినపడేటట్టు
గట్టిగా పిలిచుంటాది:
మిన్నల్లీ, ఓరే మిన్నల్లీ.
చావు నమ్మింది.
రెండు వేల మంది లెక్కకొచ్చినారు.

ఓబేదు పెన్ను మూత తీసినాడు గానీ
ఇది ఏ గడిలో రాయాలో తెలీక మళ్ళీ పెట్టేసినాడు.
చివరి పేజీలో ఇంకా పద్దెనిమిది పేర్లు,
ఒక్కోదాని పక్కన ఒకటే మాట: తెలియదు.
అవ్వ అన్నీ చదివించుకుంది,
సంబంధానికొచ్చినోళ్ళ ఇంటిపేరు అడిగినట్టు.
"తెలీకేం? పెట్టినామెకు తెలుసు.
మీరడిగింది మగోళ్ళను."

మరి నా పేరు?
కౌజు పిట్ట, అన్నాడు.
శనగ కోసిన నల్లరేగడిలో చూసినా దాన్ని,
అడుగు చప్పుడైతే ఎగరదు, ఉరుకుతాది,
బెడ్డల నడుమ బెడ్డయిపోతాది.
నూరేండ్లకు ఎవరో చదువుకున్నోడు
మా రేషన్ కార్డు దుమ్ము దులిపి
వగలమ్మ మీద వేలు పెట్టి తల గోక్కుంటాడు.
పక్కన రాసుకుంటాడు: తెలియదు.
రాసుకోనీ.

మొన్న ఆదివారం అయ్యగారు దగ్గినాడు.
నేను లేచి ఆ పేజీ అంతా చదివినా.
నాలుక మూడు చోట్ల తట్టుకుంది.
పరోషు అనంగానే
ఆడోళ్ళ వరసలో అవ్వ
ఎవరో పిలిచినట్టు
"ఊ" అనింది.